కుక్క వెతికింది లవంగాన్ని కాదు, నన్ను

ఎల్‌బీ నగర్‌లో మేము అద్దెకుండే ఇంటి మేడ మీద ఆరు చెప్పుల డబ్బాలు వరసగా పెట్టేవాణ్ని. ఒకదాంట్లో మాత్రం నాలుగు లవంగాలు వేసిన చిన్న రేకు డబ్బీ. బన్ను వచ్చి ఒక్కో డబ్బా దగ్గర ముక్కు పెట్టి, లవంగాలున్న డబ్బా ముందు కూర్చునేది. కూర్చుంటే ఉడకబెట్టిన చికెన్ ముక్క. ఐదో వారం వచ్చేసరికి ఇరవైకి ఇరవై! వీడియో తీశా, ఎడిట్ చేశా, ‘మా వీధికుక్క డిటెక్షన్ డాగ్ అయిపోయింది’ అని టైటిల్ కూడా రాసుకున్నా. పోస్ట్ చేయడమే తరువాయి.

నా రూమ్మేట్‌ది నల్లగొండ దగ్గర ఊరు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడు. వీడియో చూసి, “ఈసారి నేను దాస్త. నువ్వు మెట్ల మీద నిలబడు, నేను పిలిస్తే రా” అన్నాడు. సరే అన్నా. పిలిచాడు, బన్నుని తీసుకుని వెళ్లా. అది వరస పొడుగునా నడిచింది. ఆగింది. తిరిగి నా ముఖం చూసింది. నాకేం తెలుసు? ఇంకోసారి నడిచి, మళ్లీ నా ముఖం చూసి, చివరికి మూడో డబ్బా ముందు కూర్చుంది. లవంగాలు ఐదో దాంట్లో ఉన్నాయి.

అలా పది సార్లు చేశాం. మూడంటే మూడే కరెక్టు. ఆరు డబ్బాల్లో కళ్లు మూసుకుని ఏదో ఒకటి చూపించినా పదిలో ఒకటో రెండో తగులుతాయి. అంటే ఐదు వారాల శిక్షణ విలువ ఒక్క డబ్బా అన్నమాట.

“అది లవంగం చూస్తలేదు రా, నిన్ను చూస్తున్నది” అని వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వీడియో పోస్ట్ చేయలేదు.

ఉద్యోగాల పేజీలో ఈ కుక్క గోల ఏంటి అనుకుంటున్నారేమో. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్లలో ఉండి చదువుతున్న మీకూ, కొన్నేళ్ల కిందట అవే హాస్టళ్లలో చారు నీళ్లు తాగి చదివిన నాకూ, ఆ రోజు బన్ను చేసిన తప్పుకూ దగ్గరి చుట్టరికం ఉంది. అక్కడికే వస్తున్నా.

ముందు ఈ ఆట గురించి. వాసన పట్టే పోలీసు కుక్కలు మనకు తెలుసు. ఆ పనినే మామూలు పెంపుడు కుక్కలకు పోటీగా మార్చారు అమెరికాలో కొందరు శిక్షకులు. దాన్ని నోస్‌వర్క్, సెంట్ వర్క్ అంటారు. 2017 నుంచి అమెరికన్ కెన్నెల్ క్లబ్ కూడా ఈ పోటీలు పెడుతోంది. బాంబుకి, గంజాయికి బదులు ఇక్కడ దాచేది బిర్చ్ అనే చెట్టు నూనె, సోంపు లాంటి వాసనుండే ఆనిస్ నూనె, లవంగ నూనె. దూది పుల్లకి కొంచెం అంటించి గదిలోనో, కారు చక్రం దగ్గరో, మైదానంలోనో దాస్తారు. కుక్క కనిపెట్టాలి, దాని యజమాని ‘అలర్ట్’ అని జడ్జికి చెప్పాలి. కుక్క సరిగ్గా కూర్చుని యజమాని చెప్పకపోయినా పోయినట్టే, కుక్క కూర్చోకుండా యజమాని తొందరపడినా పోయినట్టే.

లవంగం అని చదవగానే నాకు హుషారొచ్చింది. బిర్యానీ ఊళ్లో దానికి కరువా? ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. లవంగ నూనె నాకితే కుక్కకి ప్రమాదం. అందుకే నేను నూనె జోలికి పోలేదు. ఎండు లవంగాలే, అవీ సన్న చిల్లులు పెట్టి గట్టిగా మూసిన డబ్బీలో.

కుక్క ముక్కు గురించి చదువుతుంటే ఒక ఇంజినీరుగా నాకు అసూయ పుట్టింది. మన ముక్కులో వాసన గుర్తించే కణాలు ఐదారు మిలియన్లు అంటే 50, 60 లక్షలు ఉంటే, కుక్కకి 20 కోట్ల పైనే. మనం గాలి పీల్చినప్పుడు ఊపిరికీ వాసనకీ ఒకటే దారి. కుక్క ముక్కు లోపల గాలి రెండు పాయలుగా చీలుతుంది, ఒక పాయ నేరుగా వాసన పసిగట్టే చోటికే పోతుంది. వదిలే గాలి ముక్కు పక్కనున్న చీలికల్లోంచి పోతుంది కాబట్టి ముందున్న వాసన చెదిరిపోదు. సెకనుకి ఐదు సార్ల దాకా ఇలా పీల్చి వదలగలదు. అందుకే మనకు బిర్యానీ వాసన ఒక్కటే తెలిస్తే, కుక్కకి అందులో ఉన్న లవంగం, దాల్చినచెక్క, నెయ్యి, వండినవాడి చెయ్యి అన్నీ విడివిడిగా తెలుస్తాయి అంటారు.

ఇంత ముక్కు ఉన్నదానికి మనం వాసన పట్టడం నేర్పక్కర్లేదు. అది పుట్టుకతో వచ్చిందే. నేర్పాల్సింది, కోటి వాసనల్లో ఏది చెబితే తనకు చికెన్ ముక్క దొరుకుతుందో అదొక్కటే. వాసన, వెంటనే బహుమతి. మళ్లీ వాసన, మళ్లీ బహుమతి. తర్వాత వాసన దగ్గర కూర్చుంటేనే బహుమతి. పేలుడు పదార్థాలు వెతికే జాగిలాలు గోళ్లతో గీకకుండా, మొరగకుండా నిశ్శబ్దంగా కూర్చోవడం ఎందుకో చెప్పక్కర్లేదు కదా! ఆ తర్వాత డబ్బాలు పెంచడం, వాటిలో తిండి పెట్టి ఆశ చూపించడం, గాలి వీచే చోట పెట్టడం, ఎత్తులో దాచడం. మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో మన పోలీసు జాగిలాలకూ, వాటి హ్యాండ్లర్లకూ కలిపి ఇచ్చే శిక్షణ దాదాపు 8 నెలలు. నేను ఐదు వారాల్లో వీడియోకి రెడీ అయిపోయా. చూడండి, ఎంత తొందరో!

బన్ను నా దగ్గర ఏం నేర్చుకుందో ఆ రాత్రి కూర్చుని లెక్కేశా. లవంగాల డబ్బీ పెట్టే చెప్పుల డబ్బాని నేను ఎక్కువసార్లు పట్టుకుంటా, దానికి నా చేతి వాసన ఎక్కువ. డబ్బాలు మార్చలేదు, రోజూ అదే డబ్బాలో లవంగాలు. చోటు మార్చినా ఎక్కువగా మూడో స్థానమే. ఇవన్నీ ఒక ఎత్తు. పాత వీడియోలు మళ్లీ వేసి, కుక్కని వదిలేసి నన్ను నేను చూసుకున్నా. సరైన డబ్బా రాగానే నా నడక నెమ్మదించింది. తాడు కొంచెం వదులైంది. కుడి చెయ్యి చికెన్ ఉన్న జేబు వైపు పోయింది. నేను కుక్కకి పరీక్ష పెట్టాననుకున్నా. నిజానికి పక్కన నిలబడి స్లిప్పులు అందించా.

నాలాంటి వాడి మేడ మీద కాబట్టి నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ సర్టిఫికెట్లున్న అసలు జాగిలాల విషయంలో కూడా ఇది జరుగుతుంది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌కి చెందిన లీసా లిట్, ఆమె సహచరులు ఒక ప్రయోగం అచ్చువేశారు. 18 మంది హ్యాండ్లర్లు, వాళ్ల కుక్కలు. ఒక చర్చి భవనంలో నాలుగు చోట్ల వెతకాలి. కొన్ని చోట్ల వాసన ఉందనీ, ఎర్ర కాగితం అతికించి ఉంటే అక్కడే దాచామనీ హ్యాండ్లర్లకు చెప్పారు. అసలు సంగతేంటంటే, ఎక్కడా ఏమీ దాచలేదు! మొత్తం 144 సార్లు వెతికితే ఒక్క అలర్టు కూడా లేకుండా వచ్చింది 21 సార్లే. తప్పుడు అలర్టులు 225. కుక్కల్ని ఊరించడానికి సాసేజ్‌లు దాచిన చోట కంటే, మనుషుల్ని ఊరించే ఎర్ర కాగితం ఉన్న చోటే అలర్టులు ఎక్కువ వచ్చాయి. నిజంగా కుక్కలే కూర్చున్నాయా, లేక కూర్చున్నాయని హ్యాండ్లర్లకి అనిపించిందా అన్నది ఆ ప్రయోగం విడదీసి చెప్పలేదు. ఏదైతేనేం, మనిషి నమ్మకం కుక్క ముక్కుని మింగేసింది.

మెషీన్ లెర్నింగ్ చదివినవాళ్లకి ఇది పాత కథే. తోడేలుకీ, హస్కీ కుక్కకీ తేడా చెప్పే మోడల్ ఒకటి 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కావాలనే తప్పుగా తయారుచేసి చూపించారు. శిక్షణకిచ్చిన తోడేలు ఫొటోలన్నిట్లో వెనక మంచు ఉంది. దాంతో అది జంతువుని కాదు, మంచుని చూడ్డం నేర్చుకుంది. మంచులో నిలబడ్డ హస్కీ దానికి తోడేలే. ట్రైనింగ్ డేటాలో మార్కులు మాత్రం బ్రహ్మాండంగా వస్తాయి. బన్నుకి నేను మంచు.

మా ఏరియాలో ఈ మాట మామూలు మాట కాదు. 2002 నవంబర్‌లో దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర స్కూటర్‌లో పెట్టిన బాంబు పేలింది. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో పేలుళ్లు జరిగి 40 మందికి పైగా చనిపోయిన రోజునే, దిల్‌సుఖ్‌నగర్ ఫుట్ ఓవర్ బ్రిడ్జి దగ్గర పేలని బాంబు ఒకటి దొరికింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం మాత్రం మనవైపు అదృష్టం లేదు. 107 బస్టాప్ దగ్గర ఒకటి, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర ఒకటి, సైకిళ్ల మీద పెట్టిన రెండు బాంబులు పేలాయి. 18 మంది పోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. ఏడు గంటల వేళ అక్కడ ఎవరుంటారు? కోచింగ్ క్లాసు అయిపోయి మిర్చీలు తిని బస్సెక్కుదామని నిలబడ్డవాళ్లు. అంటే మీలాంటివాళ్లే. ఇప్పటికీ బందోబస్తు రోజుల్లో బస్టాండ్ దగ్గర జాగిలం వాసన చూసుకుంటూ పోతుంటే, అక్కడి పాత షాపులవాళ్లు ఒక్క నిమిషం చేతిలో పని ఆపి చూస్తారు.

ఆ జాగిలం తన హ్యాండ్లర్‌ని మెప్పించడానికి ‘ఏమీ లేదు’ అంటే? లేదా ఆయన అనుమానపడ్డ ప్రతి బ్యాగు ముందూ కూర్చుంటే? అందుకే ఈ విద్యలో అన్నిటికంటే గట్టి నియమం ఇది: దాచినవాడు వేరే, వెతికించేవాడు వేరే ఉండాలి. వెతికించేవాడికి ఎక్కడుందో తెలియకూడదు. ఇంకా మంచిది ఏంటంటే, ఆ సమయానికి చోటు తెలిసినవాడు ఆ గదిలోనే ఉండకూడదు. దీన్ని డబుల్ బ్లైండ్ అంటారు. రెండోది నాకు ఇంకా నచ్చింది. అప్పుడప్పుడూ ఏమీ దాచకుండా వెతికించాలి. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఉంటుందని కుక్కకి అలవాటైతే, దొరకనప్పుడు అది కల్పిస్తుంది. నోస్‌వర్క్ పై స్థాయి పోటీల్లో ఎన్ని దాచారో ముందు చెప్పరు. కొన్ని గదులు ఖాళీగా ఉంటాయి. అక్కడ ధైర్యంగా ‘క్లియర్’ అని చెప్పడమే కరెక్టు జవాబు.

ఇప్పుడు మన సంగతి. నేను ఇంజినీరింగ్ అయ్యాక ఎనిమిది నెలలు చైతన్యపురి హాస్టల్లో ఉండి కోడింగ్ ప్రాక్టీస్ చేశా. మూడు వందలకి పైగా ప్రాబ్లమ్స్. ఎలా చేశానో కూడా చెప్తా. ప్రాబ్లమ్ చదవడం, పది నిమిషాలు గింజుకోవడం, సొల్యూషన్ తెరవడం, ‘ఓహో ఇంతేనా, నాకు తెలిసిందే’ అనుకోవడం, టిక్కు పెట్టుకోవడం. లిస్టు నిండా పచ్చ టిక్కులు. ఒక కంపెనీ ఇంటర్వ్యూలో నాకు బాగా తెలిసిన ప్రాబ్లమే వచ్చింది. గడగడా రాసేశా. ఇంటర్వ్యూ చేస్తున్నావిడ “బాగుంది. ఇప్పుడు ఈ ఒక్క కండిషన్ తీసేద్దాం, అప్పుడేం చేస్తారు?” అన్నారు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఆవిడ ముఖం చూశా. ఒక మాట మొదలుపెట్టి, ఆవిడ కనుబొమ్మలు కదిలాయని ఆ మాట మింగి, ఇంకోటి మొదలుపెట్టా. మేడ మీద బన్ను చేసింది సరిగ్గా అదే. కాకపోతే దానికి ఆ రోజు మామూలు బిస్కెట్లయినా దొరికాయి.

మన కోచింగ్ పద్ధతుల మీద నా ఫిర్యాదు ఇదే. సోమవారం లాభనష్టాలు చెప్తారు, మంగళవారం లాభనష్టాల మీద టెస్టు పెడతారు. పేపర్ పైనే చాప్టర్ పేరు ఉంటుంది. లెక్క చదవకముందే ఏ ఫార్ములా వాడాలో తెలుసు. ముప్పైకి ఇరవై ఎనిమిది వస్తాయి, వాట్సాప్ స్టేటస్ పెడతాం. అసలు పరీక్షలో లెక్క తలమీద చాప్టర్ పేరు రాసి ఉండదు. ఇది లాభనష్టాలా, నిష్పత్తా, సగటా అని కనిపెట్టడమే అక్కడ సగం పని. ఆ సగం పని మనం ఒక్కసారి కూడా ప్రాక్టీస్ చేయలేదు. సార్ “ఇది ఇంపార్టెంట్” అని రెండుసార్లు బోర్డు మీద కొట్టడం కూడా ఎర్ర కాగితమే. సార్లని తప్పుపట్టడం లేదు, వాళ్లు మన మేలు కోరే కొడతారు. నేనూ బన్ను మేలే కోరాను.

ఖాళీ గది సంగతి కూడా ఇక్కడ పనికొస్తుంది. బ్యాంకు పరీక్షల్లో తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. ఆ పావు మార్కు ఉన్నది ఏమీ వాసన రాని చోట కూర్చోకుండా ఉండటానికే. అయినా మాక్ టెస్టుల్లో ‘తెలియదు’ అని వదిలేసిన వాటిని మనం ఓటమిలా చూస్తాం. కొన్ని డేటా సఫిషియెన్సీ లెక్కల్లో ‘ఇచ్చిన సమాచారం చాలదు’ అన్నదే జవాబు. అది టిక్ చేయడానికి చెయ్యి రాదు. ఇంటర్వ్యూలో అయితే మరీనూ. తెలియని టూల్ పేరు అడిగితే “ఐడియా ఉంది మేడమ్” అంటాం. అవతలివాళ్లకి అది తప్పుడు అలర్టు అని పది సెకన్లలో తెలిసిపోతుంది. ఆ తర్వాత మీరు నిజంగా తెలిసింది చెప్పినా అనుమానంగానే వింటారు. ఒకసారి అబద్ధం కూర్చున్న కుక్క మాట బాంబు స్క్వాడ్‌లో ఎవరు నమ్ముతారు?

కాబట్టి నా సలహా ఖర్చు లేనిది. మీ రూమ్మేట్‌తో పేపర్లు మార్చుకోండి. మీ ప్రశ్నలు వాడు ఏరాలి, వాడివి మీరు. చాప్టర్లు కలిపేయండి. పదింటిలో ఒకటి జవాబు లేని ప్రశ్న పెట్టండి. జవాబుల కాగితం ఆ గంట మీ గదిలో ఉండకూడదు, ఫోనూ అంతే. మొదటివారం మార్కులు దారుణంగా పడిపోతాయి. స్టేటస్ పెట్టుకోవడానికి పనికిరావు. కానీ అవే మీ మార్కులు.

అన్నట్టు, ఈ రంగంలో ఉద్యోగాలుంటాయా అని కొందరైనా అడుగుతారని నాకు తెలుసు. మా రూమ్మేట్ అడిగిన మొదటి ప్రశ్న అదే. పోలీసు డాగ్ హ్యాండ్లర్ కావాలంటే బయట ఏదో సర్టిఫికెట్ కోర్సు చేసి దరఖాస్తు పెట్టుకోవడం కాదు దారి. ముందు కానిస్టేబుల్‌గా ఎంపిక కావాలి, తర్వాత డిపార్ట్‌మెంట్‌లో డాగ్ స్క్వాడ్‌కి పోవాలి. ‘మూడు నెలల్లో గ్యారంటీ హ్యాండ్లర్ జాబ్’ అని ఎవరైనా ఫీజు అడిగితే లేచి వచ్చేయండి. కేంద్ర బలగాల్లోనూ ఇంతే. బీఎస్ఎఫ్‌కి గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో, సీఆర్‌పీఎఫ్‌కి బెంగళూరు దగ్గర తరళులో సొంత శిక్షణ కేంద్రాలున్నాయి. మన మొయినాబాద్ కూడా తక్కువదేం కాదు. బిహార్‌లో మద్యనిషేధం వచ్చాక, మద్యం వాసన పట్టే జాగిలాలకి ఇక్కడ శిక్షణ ఇచ్చి పంపారు. ఈ రంగంలో పోటీలూ ఉన్నాయి. ఆలిండియా పోలీస్ డ్యూటీ మీట్‌లో డాగ్ స్క్వాడ్‌ల పోటీ ఒక భాగం. 2024లో లక్నోలో జరిగిన మీట్‌లో విదేశీ జాతుల్ని దాటుకుని గెలిచిన రియా అనే బీఎస్ఎఫ్ జాగిలం, పక్కనున్న కర్ణాటక ముధోళ్ జాతిది. దేశీ కుక్కలకి ఏం వస్తుంది అనేవాళ్లకి నేను ఆ పేరు చెప్తా. బన్నుకి ఏ జాతీ లేదు. ఎల్‌బీ నగర్ మెట్రో కింద ఇరానీ హోటల్ వాడు పడేసే బన్నుల మీద పెరిగింది, అందుకే ఆ పేరు.

మా మేడ మీద లెక్కలు ఇప్పుడు వేరేగా ఉన్నాయి. డబ్బాలు కొత్తవి, ప్రతి వారం మారతాయి. ఆరింటినీ ఒకేలా ముట్టుకుంటాం. రూమ్మేట్ పొద్దున గ్రౌండ్‌లో రన్నింగ్ చేసొచ్చి, పాచికలు వేసి చోటు నిర్ణయించి దాచి, నంబరు చీటీ మీద రాసి మడతపెట్టి నాకిచ్చి కిందికి వెళ్లిపోతాడు. నేను ఆ చీటీ జేబులో పెట్టుకుని బన్నుని తీసుకొస్తా. మొదటి రెండు వారాలు ఏడుపొక్కటే తక్కువ. పదికి నాలుగు, పదికి మూడు, ఒక రోజు పదికి రెండు. ప్రతిసారీ నా ముఖం వైపు చూడటం, నాకు తెలియదని దానికి అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

పోయిన ఆదివారం పది సార్లు చేశాం. నా లెక్కలో రెండిటికి చీటీ మీద సున్నా ఉండాలి, ఏవో నాకు తెలియదు. లవంగాలున్న ఎనిమిదిట్లో ఆరు పట్టింది. ఒక ఖాళీ వరస దగ్గర తప్పుగా కూర్చుంది. రెండో ఖాళీ వరస తొమ్మిదో సారి వచ్చింది. ఆరు డబ్బాలూ చూసింది, గాలి వచ్చే వైపు నుంచి మళ్లీ ఒకసారి చూసింది, ఎక్కడా కూర్చోలేదు. నా వైపు తిరగలేదు కూడా. నేరుగా పోయి వాటర్ ట్యాంక్ నీడలో పడుకుంది.

“క్లియర్” అన్నా, ఎవరూ వినకపోయినా. జేబులోంచి చీటీ తీసి విప్పా. సున్నా. ఆ రోజు మిగిలిన చికెన్ అంతా దానికే.